షాకబ్జర్ మీద పేటెంటు ఎవలిది?

దసరాకు వారం ముందు రాత్రి పదింటికి ఒక ఫోనొచ్చింది. మా పక్క మండలంల షెడ్డు నడిపే మెకానిక్ తమ్ముడు. గొంతు వణుకుతున్నది. "అన్నా, నా మీద పేటెంటు కేసు పెడ్తరట. జైల్ల ఏస్తరా?" అని అడిగిండు.

సంగతేందంటే, వాని దగ్గరికి కోళ్లఫారం గుడ్లు మోసే డీసీఎం ఒకటి రిపేరుకు వస్తుండె. మా దిక్కు రోడ్ల సంగతి మీకు చెప్పాల్నా? ట్రేకు నాలుగైదు గుడ్లు పలుగుతున్నయని ఓనరు రోజూ మొత్తుకునేటోడు. ఈ తమ్ముడు తుక్కు దుకాణం పోయి, పాత బస్సుకు ఊడదీసిన గాలి బెలూన్లు రెండు తెచ్చిండు. వెనుక కమాన్ కట్టలకెల్లి రెండేసి పట్టీలు తీసిండు. యాక్సిలుకు, చాసిస్‌కు నడుమ ఆ బెలూన్లు కూసోబెట్టి, ప్లేట్లు వెల్డింగు చేసిండు. టైరుకు కొట్టినట్టే గాలి కొట్టేతందుకు వాల్వు పెట్టిండు. గుడ్లు పలుగుడు తగ్గింది. సంబురపడి మూడు నిమిషాల వీడియో తీసి పెట్టిండు. జనం మస్తుగ చూసిండ్రు, పంచుకున్నరు.

ఆ తర్వాత వచ్చింది ఫోను. "ఇది మా కంపెనీ పేటెంటు డిజైను. వీడియో తీసెయ్. యాభై వేలు కట్టు. కట్టకపోతే పోలీసు కేసు" అని. ఏ కంపెనీ అనేది నేనిక్కడ రాస్తలేను. అటు మాట్లాడినోడు నిజంగ కంపెనీ మనిషా, ఎవడో ఉత్తగనే బెదిరించినోడా అన్నది కూడ తేల్లే. తమ్ముడు మాత్రం భయపడ్డడు. వీడియో తీసేసిండు. డీసీఎంకు మళ్ల పాత పట్టీలే బిగించి పంపిండు. రెండు బెలూన్లు షెడ్డు మూలకు పడ్డయి.

నేను వకీలును కాదు. పదో తరగతి కాడ బడి బందు పెట్టినోన్ని. పింఛన్ల కోసం, పట్టాల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టుకుంట పెట్టుకుంట చట్టాలు చదువుడు అలవాటైంది. ఈ తమ్ముని కోసం పేటెంట్ల చట్టం 1970ని డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివిన. చదివినంక నాకు అర్థమైంది మీతోని చెప్తున్న. ఎందుకంటే గిసొంటి ఫోను రేపు మీకు కూడ రావొచ్చు.

ముందు బండి సంగతి తెలుసుకుందాం. అది తెలియకుంటే పేటెంటు సంగతి ఎక్కది.

చానా మంది స్ప్రింగును, షాకబ్జర్‌ను ఒక్కటే అనుకుంటరు. మోటరు సైకిల్ మీద రెండూ ఒక్కదాని మీద ఒకటి తొడిగి ఉంటయి కాబట్టి అట్ల అనిపిస్తది. రెండింటి పని వేరు. బరువు మోసేది, గుంతల పడ్డప్పుడు అణిగి మళ్ల లేచేది స్ప్రింగు. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి ఒక్క గుంతకు పదిసార్లు ఊగుతది. ఆ ఊగుడును ఆపేది షాకబ్జర్. అందుల గొట్టం, గొట్టంల నూనె, నూనెల చిన్న చిన్న రంధ్రాలున్న పిస్టను ఉంటయి. బండి ఊగినప్పుడల్లా నూనె ఆ సన్న రంధ్రాలకెల్లి దూరి పోవాలె. దూరేటప్పుడు ఊపు అంతా వేడిగ మారుతది. మట్టి రోడ్డు మీద పది కిలోమీటర్లు కొట్టి వచ్చి షాకబ్జర్ మీద చెయ్యి పెట్టి చూడుండ్రి, కాలుతది. ఆ వేడే మీ నడుముకు తగలాల్సిన దెబ్బ.

గాలి బెలూన్ స్ప్రింగు జాతిదే. ఉక్కుకు బదులు రబ్బరు సంచిల గాలి. దీనికొక గుణం ఉన్నది. కమాన్ పట్టీలను నిండు లోడుకు లెక్కేసి పెడ్తరు. అందుకే ఖాళీ బండి రాయిలెక్క గట్టిగుండి ఎగిరెగిరి పడ్తది. గాలి అయితే లోడును బట్టి ఎక్కువ, తక్కువ చేసుకోవచ్చు. లోడు ఎక్కినా దిగినా బండి ఎత్తు ఒక్కతీరుగనే ఉండేతట్టు గాలిని తానే సర్దుకునే వాల్వు కూడ పెద్ద బస్సులల్ల ఉంటది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే ఏసీ బస్సు ఆగినప్పుడు "ఫుస్స్" మని వినిపించే చప్పుళ్లల్ల ఒకటి గీ బెలూన్లదే.

ఇగ అసలు ప్రశ్న. ఈ గాలి స్ప్రింగు ఎవల ఆస్తి?

1901 జనవరి నెలల బ్రిటన్‌ల ఆర్చిబాల్డ్ షార్ప్ అనే ఇంజనీరు గాలి సీలు మీద, సైకిళ్లకు గాలి స్ప్రింగు మీద పేటెంటు పని పెట్టుకున్నడు. అదే ఏడాది అమెరికాల విలియం హంఫ్రీస్ అనేటాయన బండ్లకు గాలి స్ప్రింగు అని పేటెంటు తీసుకున్నడు. నడుమ ఒక సముద్రం, ఆలోచన ఒక్కటే. నూటా ఇరవై ఏండ్లు దాటింది. 1954ల అమెరికా గ్రేహౌండ్ కంపెనీ బస్సులకు గాలి బెలూన్లు వచ్చినయి. 1957ల కాడిలాక్ కంపెనీ తన ఖరీదైన కార్లకు కూడ పెట్టింది. (ఆ కార్లల్ల గాలి కారి కారి, చానా మంది ఓనర్లు ఇసుగొచ్చి మామూలు స్ప్రింగులే పెట్టించుకున్నరు. మెకానిక్‌లను ఎగతాళి చేసే ఇంజనీర్లకు ఈ ముచ్చట చెప్పుండ్రి.)

అంటే బండికి గాలి సంచి మీద కూసునే ఏర్పాటు చేసుడు అన్న మూల ఆలోచన మీద ఇయ్యాల ఏ కంపెనీకీ హక్కు లేదు. మన దేశంల పేటెంటు దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 20 ఏండ్లే చెల్లుతది. ఆ తర్వాత అది ఊరందరి బాయి.

మరి కంపెనీలకు ఇయ్యాల్టికి కూడ గాలి స్ప్రింగుల మీద, షాకబ్జర్ల మీద కొత్త పేటెంట్లు ఎట్ల దొరుకుతున్నయి? వివరాల మీద దొరుకుతున్నయి. బెలూన్ అంచును ప్లేటుకు ఎట్ల కరిపించాలె, కింద పిస్టను గోడ ఏ వంపుల ఉండాలె, గాలి మొత్తం పోతే లోపల తట్టుకునే రబ్బరు దిమ్మె ఎట్లుండాలె, షాకబ్జర్ పిస్టను మీది సన్నటి రేకులు ఏ వరుసల పెట్టాలె. ఒక్కొక్క వివరం మీద ఒక్కొక్క కాయితం. కొట్లాటలు కూడ ఈ వివరాల మీదనే.

దీనికి అన్నిటికన్న మంచి కథ టైరుది. టైరు కూడ గాలి స్ప్రింగే గద. 1888ల జాన్ బాయిడ్ డన్లప్ గాలి టైరు మీద బ్రిటన్‌ల పేటెంటు తీసుకున్నడు. కంపెనీ పెట్టిండ్రు, వ్యాపారం లేచింది. అంతట్ల తెలిసింది, 1845లనే రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఆయన గాలి చక్రం మీద పేటెంటు తీసుకొని ఉన్నడని. అప్పట్ల సైకిళ్లు లేవు, కార్లు లేవు, గుర్రపు బండ్లకు ఎవలూ పెద్దగ వాడలే. ఆ ఆలోచన మరుగున పడ్డది. మరుగున పడ్డా సరే, కాయితం మీద ఉన్నది. డన్లప్ పేటెంటు చెల్లకుండ పోయింది. అయినా కంపెనీ మునగలే. ఎందుకు? టైరును రిమ్ముకు పట్టి ఉంచే తరీకల మీద వెల్చ్, బార్ట్‌లెట్ అనే ఇద్దరి పేటెంట్లను అది కొనుక్కున్నది. గాలి టైరు అందరిదీ అయింది, ఆ టైరును రిమ్ముకు బిగించే తరీక మాత్రం కంపెనీ గుప్పిట్ల ఉన్నది. ఇయ్యాల్టి షాకబ్జర్ కంపెనీలు నడిచే తొవ్వ కూడ ఇదే.

కొన్నిసార్లు కొట్లాట లేకుండనే తెగుతది. ఫ్రాన్సుల ట్రూఫో అనేటాయన రాపిడి పట్టీల షాకబ్జర్ చేస్తే, అమెరికా హార్ట్‌ఫర్డ్ ఆయన దగ్గర హక్కులు తీసుకొని తయారు చేసిండు. ఫ్రాన్సుదే సిట్రోయెన్ కంపెనీ 1955ల నూనె, గ్యాసు కలిపిన సస్పెన్షన్‌తోని డీఎస్ అనే కారు తెచ్చింది. పదేండ్లకు రోల్స్ రాయిస్ అంతటి కంపెనీ పైసలు కట్టి, లైసెన్సు తీసుకొని ఆ టెక్నాలజీనే తన సిల్వర్ షాడో కారుల వాడుకున్నది. నైట్రోజన్ గ్యాసు నింపిన ఒంటి గొట్టం షాకబ్జర్‌ను కనిపెట్టింది ఫ్రాన్సు ఇంజనీరు ద కార్బన్. జర్మనీ బిల్‌స్టైన్ కంపెనీ ఆయన దగ్గర హక్కులు తీసుకొని 1957 నుంచి మెర్సిడెస్ కార్లకు ఇచ్చింది. ఆ మూల పేటెంటు ఎప్పుడో కాలం తీరింది. ఇయ్యాల మీ బైకు మీద "గ్యాస్ ఫిల్డ్" అని మెరిసే స్టిక్కరు చూసి ఇదేదో మొన్న కనిపెట్టిందనుకోకుండ్రి. తాత ముత్తాతల నాటి ఆలోచన అది.

ఇప్పుడు మన దేశం కోర్టుల సంగతి చెప్తా. రెండు కేసులు. ఒకటి గిన్నెలది, ఒకటి బైకులది. షాకబ్జర్లవి కావు గని, షాకబ్జర్ మీద కేసు పడ్డా జడ్జి ముందట వకీళ్లు చదివేవి ఇసొంటి తీర్పులే.

ఉత్తరప్రదేశ్ మీర్జాపూర్‌ల ఇత్తడి గిన్నెలు చేసేటోళ్లు మస్తుగుంటరు. గిన్నెను లేత్ మిషను మీద తిప్పుకుంట గీకి, మెరుగు పెడ్తరు. తిరిగేటప్పుడు గిన్నె ఎగిరిపోయి మనిషికి తగిలే ప్రమాదం ఉంటది. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే సంస్థ గిన్నెను ఎదురు దిక్కు నుంచి ఒత్తి పట్టి ఉంచే ఏర్పాటు చేసి, 1951 డిసెంబరు తేదీతోని పేటెంటు తీసుకున్నది. అదే ఊరిల బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ అనే ఇంకో గిన్నెల సంస్థ అదే తీరుగ పని చేస్తున్నదని కోర్టుకు పోయింది. అలహాబాద్ హైకోర్టుల ఒక జడ్జి పేటెంటు చెల్లదన్నడు. ఇద్దరు జడ్జిల బెంచి చెల్లుతదన్నది. ఆఖరికి సుప్రీంకోర్టు 1978 డిసెంబరు 13న తేల్చింది, చెల్లదని. లేత్‌కు ఎదురు దిక్కున ఒత్తి పట్టే భాగం పాతదే. దానికి చిన్న మార్పు చేసుడు పనిమంతుడైన ఏ కార్మికుడైనా షెడ్డుల చేసుకునే సవరణే గని కొత్త ఆవిష్కరణ కాదని చెప్పింది. ఇంకో మాట కూడ చెప్పింది. పేటెంటు ఆఫీసు ముద్ర కొట్టి ఇచ్చినంత మాత్రాన అది చెల్లుబాటు అయితదని గ్యారంటీ లేదు. కోర్టుల దాన్ని సవాలు చెయ్యొచ్చు.

నేను ఈ తీర్పు చదివిన రాత్రి నిద్రపట్టలే. షెడ్డుల చేతులు నల్లగ చేసుకునే మనిషి తెలివిని లెక్కల పెట్టిన తీర్పు అది. అంటే ఏంది? మెకానిక్‌కు మామూలుగ తట్టే ఆలోచన మీద ఎవడూ కంచె ఎయ్యరాదు. గని ఇంకో దిక్కు కూడ చూడాలె. ఆ కాలపు చట్టం ప్రకారం పేటెంటు గడువు 16 ఏండ్లు. కేసు తేలే నాటికి పేటెంటు కాలం తీరి పదేండ్లు దాటింది. గెలిచినోడు కూడ అన్ని ఏండ్లు కోర్టు మెట్లెక్కి దిగిండు. ఆ ఖర్చు, ఆ గుబులు ఎవలు తిరిగి ఇస్తరు?

పార్లమెంటు కూడ ఈ మాటను చట్టంల రాసింది. సెక్షన్ 3(ఎఫ్) అని ఉంటది. తెలిసిన పరికరాలను ఉత్తగ పక్కపక్కన పెట్టి, ఏ పరికరం దాని పాత పని అది చేసుకుంట ఉంటే, ఆ కూర్పును ఆవిష్కరణ అనరాదు. అమెరికా సుప్రీంకోర్టు కూడ 2007ల కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కేసుల దగ్గర దగ్గర ఇదే తొవ్వల పోయింది. జరిపే వీలున్న కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించినం, అది మా పేటెంటు అని టెలిఫ్లెక్స్ కొట్లాడింది. పెడల్ తెలిసిందే, సెన్సర్ తెలిసిందే, కలపాలన్నది పని తెలిసినోనికి తట్టేదే అని కోర్టు కొట్టేసింది.

రెండోది బైకుల కేసు. మీరందరు ఎరిగిన కంపెనీలే, బజాజ్, టీవీఎస్. చిన్న ఇంజనుల రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టే పద్ధతి మీద బజాజ్ 2002 జులైల దరఖాస్తు పెట్టింది. 2005ల పేటెంటు వచ్చింది. పల్సర్ మీద రాసి ఉండే డీటీఎస్-ఐ అదే. 2007ల టీవీఎస్ ఫ్లేమ్ అనే 125 సీసీ బండి తెస్తున్నమన్నది. అందుల కూడ రెండు ప్లగ్గులు. మా పేటెంటు తొక్కిండ్రని బజాజ్ అన్నది. మీవి ఉత్త బెదిరింపులని టీవీఎస్సే ముందుగల మద్రాసు హైకోర్టుకు పోయింది, తర్వాత బజాజ్ కూడ పోయింది. 2008 ఫిబ్రవరిల ఒక జడ్జి రెండు ప్లగ్గుల ఫ్లేమ్‌ను ఆపిండు. టీవీఎస్ ఒక్క ప్లగ్గుతోని బండి అమ్ముకోవాల్సి వచ్చింది. 2009 మేల ఇద్దరు జడ్జిల బెంచి ఆ ఆర్డరు ఎత్తేసింది. మా ఇంజనుకు మూడు వాల్వులు, మీ దానికి రెండే అన్న టీవీఎస్ వాదనకు మొదటి చూపుకు బలమున్నదన్నది. 2009 సెప్టెంబరుల సుప్రీంకోర్టు, టీవీఎస్ బండ్లు అమ్ముకోవచ్చు గని లెక్కలు పక్కాగ రాయాలె, హైకోర్టు తొందరగ తేల్చాలె అని చెప్పింది. 2019ల రెండు కంపెనీలు రాజీ అయినయి. పేటెంటు గడువు 2022ల తీరింది.

ఇందుల మన తమ్మునికి పనికొచ్చేది ఒక్క ముచ్చట, వాల్వుల లెక్క. పేటెంటు అంటే "రెండు ప్లగ్గులు నావి" అని కాదు. పేటెంటు కాయితం ఆఖరుకు "క్లెయిములు" అని కొన్ని వాక్యాలుంటయి. పొలానికి హద్దురాళ్లు ఎట్లనో అవి అట్ల. ఒక క్లెయిముల ఐదు సంగతులు రాసి ఉంటే, మీరు చేసిందాంట్ల ఆ ఐదూ ఉన్నయా లేవా అని చూడాలె. మామూలుగ నాలుగే ఉంటే మీరు హద్దు దాటనట్టే. ఐదోదాని బదులు దానసొంటిదే పెట్టి తప్పించుకున్నడని కంపెనీ వాదించొచ్చు, అప్పుడు కోర్టు తేలుస్తది. అంతే గని, బొమ్మ చూసి "గిది మాదే" అంటే చెల్లది.

మా తమ్మునికి ఫోన్ చేసినోడు పేటెంటు నంబరు చెప్పలే. నేను అడిగింది కూడ మొదలు అదే. నంబరు లేకుంటే ఆ మాటకు విలువ లేదు. వస్తువు మీద ఉత్తగ "పేటెంటెడ్" అని రాసి నంబరు రాయకపోతే, తెలియక చేసినోని దగ్గర నష్టపరిహారం వసూలు చేసేతందుకు ఆ రాత పనికిరాదని సెక్షన్ 111 చెప్తది. పేటెంటు లేకుండనే ఉన్నదని రాసుకుంటే అది తప్పు, జరిమానా ఉన్నది. నంబరు దొరికితే కేంద్ర పేటెంటు ఆఫీసు వెబ్‌సైట్ల పైసా ఖర్చు లేకుండ వెతకొచ్చు. మంజూరైందా, దరఖాస్తేనా చూడుండ్రి. దరఖాస్తు మీద కేసు ఎయ్యరాదు, మంజూరు అయినంకనే. ఏటేటా కట్టే ఫీజు కట్టిండ్రా చూడుండ్రి. కట్టకపోతే పేటెంటు పడిపోతది. అమెరికాల, జపాన్‌ల పేటెంటు ఉన్నదంటే నవ్వి ఊకోండ్రి. పేటెంటు ఏ దేశానిది ఆ దేశంలనే చెల్లుతది.

పోలీసుల సంగతి. పేటెంటు తొక్కుడు మన చట్టంల క్రిమినల్ నేరం కాదు, సివిల్ తగాదా. జిల్లా కోర్టుకు తక్కువ కోర్టుల దావా ఎయ్యరాదు. పేటెంటే చెల్లదని మీరు ఎదురుదావా ఏస్తే కేసు హైకోర్టుకు పోతది. కాబట్టి "పోలీసులొస్తరు, జైల్ల ఏస్తరు" అన్నోనికి చట్టం తెల్వదన్నా కావాలె, మీకు తెల్వదని వానికి తెలిసన్నా ఉండాలె. ఉత్తగ బెదిరిస్తే, ఆ బెదిరింపు మీద మీరే సెక్షన్ 106 కింద కోర్టుకు పోవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు, ఆదాయం తక్కువున్నోళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థల వకీలును ఉచితంగ ఇస్తరు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. కంపెనీ పేరు, గుర్తు ముద్రించిన డబ్బాల డూప్లికేటు షాకబ్జర్ పెట్టి అమ్మితే అది వేరే సంగతి. అది ట్రేడ్‌మార్క్ దొంగతనం. దానికి పోలీసులొస్తరు, జైలు కూడ ఉన్నది. పొద్దుగాల పేపర్ల "నకిలీ స్పేర్‌పార్టులు పట్టివేత" అని వచ్చేవి అవే. ఆ ధంధా చేసేటోన్ని నేను ఎనకేసుకొస్తలేను. బ్రేకు దగ్గర నకిలీ మాలు పెడితే మనిషి పాణం పోతది.

రిపేరు సంగతి ఇంకా వేరు. పైసలిచ్చి కొన్న షాకబ్జర్ నీది. సీలు కోసి, కొత్త సీలేసి, నూనె పోసి మళ్ల వాడుకునుడు కొత్తగ తయారు చేసుడు కాదు. కొన్న సామాను బాగు చేసుకునే హక్కు గురించి ఇంగ్లండుల పెద్దల సభ 1986ల గట్టి మాట చెప్పింది. బ్రిటిష్ లేలాండ్ కంపెనీ తన కారు సైలెన్సరు గొట్టాలను వేరేటోళ్లు చెయ్యొద్దని, మా డ్రాయింగుల మీద కాపీరైటు ఉన్నదని ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ మీద కేసు ఏసింది. కారు కొన్నోనికి దాన్ని బాగు చేసుకునే హక్కుంటది, ఆ హక్కుకు అడ్డం పడే కాపీరైటు పనికిరాదని కంపెనీని ఓడించిండ్రు.

మన దిక్కు 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం 2,544 కోట్ల రూపాయల పైన జరిమానా ఏసింది. నేరమేందంటే, స్పేర్‌పార్టులు, రిపేరు పుస్తకాలు, జబ్బు పట్టే మిషన్లు బయటి మెకానిక్‌లకు దొరకకుండ చేసుడు. ఆ పార్టుల మీద మాకు మేధో హక్కులున్నయని కంపెనీలు వాదించినయి. హక్కులుంటే కాయితాలు చూపుండ్రి అన్నది కమిషన్. సరైన రుజువులు చూపలే. ఆ తర్వాత అప్పీళ్లు నడిచినయి, అది వేరే పురాణం. నాకు మాత్రం ఆ ఒక్క ప్రశ్న మస్తు నచ్చింది. అంత పెద్ద కంపెనీలను కమిషన్ అడిగిన ప్రశ్న, మా తమ్ముడు ఫోన్ల అడగాల్సిన ప్రశ్న, ఒక్కటే. కాయితం ఏది?

ఇదంతా చెప్తే తమ్ముని మొఖంల రంగు వచ్చింది. వెంటనే ఇంకో ఆశ పుట్టింది. "అయితే అన్నా, నా బెలూన్ డీసీఎంకు నేనే పేటెంటు తీసుకోవచ్చు గద?"

రాదు తమ్మీ అన్న. కారణాలు రెండు. బస్సు బెలూన్‌ను యాక్సిలు మీద పెట్టుడు డెబ్బై ఏండ్ల కిందటి సంగతి. అది నీది ఎట్ల కాదో, నిన్ను బెదిరించినోనిది కూడ అట్లనే కాదు. రెండోది, ఒకవేళ నువ్వు నిజంగ కొత్తది ఏదన్నా కనిపెట్టినా, దరఖాస్తుకు ముందే వీడియో పెట్టినవు. లోకానికి చూపినంక అది కొత్తది కాదు. కొన్ని సర్కారు ఎగ్జిబిషన్ల అసొంటి వాటికే చట్టంల మినహాయింపు ఉన్నది, ఫోన్ వీడియోకు లేదు. ఇది మీరందరు మనసుల పెట్టుకోవాల్సిన ముచ్చట. ముందు దరఖాస్తు, తర్వాత వీడియో. మామూలు మనిషికి ఆన్‌లైన్ల దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలు. పూర్తిగ తయారు కాకున్నా, ముందుగల తాత్కాలిక దరఖాస్తు పెట్టి, 12 నెలల్ల పూర్తి కాయితం ఇయ్యొచ్చు. మన రెండు రాష్ట్రాలకు చెన్నై ఆఫీసు. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం తన తల్లి చేతుల నొప్పి చూడలేక ఆసు మిషను చేసిండు, పేటెంటు కూడ తీసుకున్నడు, 2017ల పద్మశ్రీ వచ్చింది. కాబట్టి పేటెంటంటే కంపెనీలదే అని చేతులు దులుపుకొనుడు కూడ తప్పే.

గని ఒక్క సంగతి నా కడుపుల మండుతనే ఉన్నది. పేటెంటు దరఖాస్తు ఇంగ్లీషుల గాని, హిందీల గాని రాయాలె. తెలుగుల తీసుకోరు. హద్దురాళ్లు మన పొలంల పాతి, వాటి మీద మనకు రాని భాషల రాసి, "చదువుకోలేదా? దాటినవు, కట్టు" అంటే ఎట్ల? వెల్డింగు రాడ్డు పట్టిన చెయ్యి క్లెయిము చదవలేదు. క్లెయిము రాసిన చెయ్యి వెల్డింగు చెయ్యలేదు. నడుమ దళారి బతుకుతున్నడు. మంజూరైన పేటెంట్ల క్లెయిములన్నా అన్ని భాషలల్ల పెట్టుమని నేను కేంద్రానికి ఒక దరఖాస్తు పంపిన.

ఇంకో మాట దాచకుండ చెప్పాలె. తమ్మునికి పేటెంటుతోని భయం లేదు గని, ఆర్టీఓ తోని ఉన్నది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారు చేసినోడు చెప్పిన దానికి తేడాగ బండిని మార్చరాదు. కమాన్ పట్టీలు తీసుడు, చాసిస్‌కు వెల్డింగు కొట్టుడు ఉత్తగ పోయేవి కావు. బెలూన్ నడిరోడ్డు మీద పగిలితే గుడ్లే కాదు, మనుషులు కూడ పోతరు. నేను వానికి ఇది చెప్తే కోపం వచ్చింది. "నువ్వు కూడ వాళ్ల దిక్కేనా అన్నా?" అన్నడు. కాదు తమ్మీ, ఉన్నదే చెప్తున్న అన్న. రెండు రోజులు మాట్లాడలే.

మూడో రోజు షెడ్డుకు పోయిన. ఇద్దరం కూసొని, ఆ బెదిరించినోని నంబరుకు మెసేజు రాసినం. "అన్నా, మీ కంపెనీ పేరు, పేటెంటు నంబరు, అందుల ఏ క్లెయిము నేను తొక్కిన్నో పంపుండ్రి. చూసి జవాబిస్త" అని. తెలుగులనే రాసినం. పంపి ఇయ్యాల్టికి పదహారు రోజులు. రెండు నీలం టిక్కులు పడ్డయి. జవాబు రాలే.